1950 షెవర్లే 3100 పికప్: ఆరు వోల్టులను పన్నెండుకు మార్చాలా?

ప్రశ్న (ఓహైయో నుంచి)
గత వేసవిలో 1950 నాటి షెవర్లే 3100 అర టన్ను పికప్ కొన్నాను. మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉన్న ముందు అద్దం, 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, కాలితో తొక్కే స్టార్టర్ పెడల్, అన్నీ అప్పటివే. పొద్దున్న తొక్కగానే అందుకుంటుంది. ఇరవై మైళ్లు తిరిగి ఆపాక మాత్రం ఇంజన్ మూలుగుతూ బరువుగా తిరిగి ఆగిపోతోంది. బ్యాటరీ కొత్తదే. బండిలోని ఆరు వోల్టుల కరెంటు ఏర్పాటు మొత్తాన్ని పన్నెండు వోల్టులకు మార్చేయమని మెకానిక్ అంటున్నారు. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి, హైవే మీద 65 మైళ్ల వేగంతో వెళ్లేలా వెనక చక్రాలను తిప్పే గేర్లు కూడా మార్పించుకోవచ్చా?

మొదటి జవాబు
దయచేసి తొందరపడవద్దు. ఈ బండ్లు కొత్తలో మంచు రోజుల్లో కూడా ఆరు వోల్టులతోనే స్టార్ట్ అయ్యేవి. అంతే పనికి ఆరు వోల్టుల స్టార్టర్ రెట్టింపు కరెంటు లాగుతుంది కాబట్టి, పన్నెండు వోల్టుల కార్లకు అమ్మే సన్నని కేబుల్ దీనికి చాలదు. దారిలో ఒక్క వోల్టు పోయినా ఉన్నదాంట్లో ఆరో వంతు పోయినట్టే. ఇంజన్ వేడెక్కి బిగుసుకున్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది. కుడివైపు పాదాల కింద ఉన్న మూత తీసి, బ్యాటరీ కేబుల్ లోపలి రాగి ఎంత మందం ఉందో చూడండి. దాదాపు 9 మిల్లీమీటర్లుండే రెండు సున్నాల గేజ్ కేబుల్ వేయించండి. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దాని నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ (కరెంటు తిరిగి వెళ్లే దారి) బోల్టు కింద రంగు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకండి. పన్నెండుకు మారిస్తే బల్బులు, కాయిల్, హారన్, హీటర్ మోటారు అన్నిటినీ మార్చుకుంటూ పోవాలి. పైగా రెట్టింపు వోల్టులతో పాత స్టార్టర్ పన్ను, ఇంజన్‌ను తిప్పే ఫ్లైవీల్ చక్రం పళ్లను గట్టిగా కొడుతుంది.

రెండో జవాబు
స్టార్టర్ విషయంలో పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాకు భయం వేసింది 65 మైళ్ల మాట విన్నప్పుడు. 216 ఇంజన్‌లో పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లలో విడి బేరింగులు ఉండవు, మెత్తని బ్యాబిట్ లోహాన్ని రాడ్‌లోనే పోతపోసి ఉంటారు. రాడ్ల అడుగున ఉండే చిన్న గరిటెలే సంపులోని (ఇంజన్ అడుగు తొట్టిలోని) ఆయిల్‌ను అందుకుంటాయి. 1954లో ఈ అర టన్ను బండికి 235 ఇంజన్ ఇచ్చినప్పుడు గానీ రాడ్ బేరింగులకు ఒత్తిడితో ఆయిల్ అందలేదు. మీ ఇంజన్‌ను 45, 50 మైళ్ల మధ్య నడపండి, ఎన్నేళ్లయినా నడుస్తుంది. గేర్లు మార్చి ఎత్తుల మీద బరువు లాగిస్తే మాత్రం ఆ మెత్తని లోహమే దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత కేబుల్ కోసి చూస్తే లోపలి రాగి పెన్సిల్ ములుకు కంటే కొంచెమే లావుగా ఉంది. ఎర్త్ బోల్టు కింద ఎవరో వేసిన నల్ల రంగు మందంగా పేరుకుపోయి ఉంది. రంగు గీకి, లావు కేబుల్ వేశాక, నిన్న బండిని వేడి మీద నాలుగుసార్లు ఆపి చూశాను. నాలుగుసార్లూ పెడల్ తొక్కగానే అందుకుంది. గేర్ల ఆలోచన మానుకున్నాను. హైవే వదిలేసి పొలాల వెంట వెళ్లే కౌంటీ రోడ్డు పట్టుకుంటే ఆఫీసుకు పన్నెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది, అంతే.