నీళ్లు 97కే మరుగుతున్నాయి, ఇవి ట్యాంకర్ నీళ్లా సార్?

హొరమావు_ట్యూషన్:
8వ తరగతి పిల్లలకి బీకర్లో నీళ్లు మరిగించి చూపిస్తే థర్మామీటర్ 97 దగ్గరే ఆగింది. పుస్తకంలో 100 అని ఉంది. ఇక మొదలు: "థర్మామీటర్ పాడైందా సార్?", "ఇవి కావేరి నీళ్లా, ట్యాంకర్ నీళ్లా?", "మంట పెంచితే మిగతా మూడూ వస్తాయా?" బెంగళూరు ఎత్తులో ఉంది కాబట్టి అంటే నమ్మరు. ఒకడు ఫోన్లో వెదర్ యాప్ తెరిచి, ఇక్కడి పీడనం 1013, చెన్నైలోనూ అంతేగా అన్నాడు. క్లాసులోనే తేల్చే దారి ఏదైనా ఉందా?

పీడనం_పంతులు:
యాప్ తెరిచినవాడికి ముందు శభాష్ అనండి, అసలు చిక్కు వాడే పట్టాడు. యాప్ చూపేది సముద్రమట్టానికి సరిదిద్దిన అంకె. వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ఊళ్లను వాతావరణ పటం మీద పోల్చాలంటే అలా మార్చక తప్పదు. బెంగళూరు ఎత్తు దాదాపు 920 మీటర్లు, ఇక్కడ నిజంగా ఉండే పీడనం సుమారు 910 హెక్టోపాస్కల్స్ (యాప్‌లోని 1013 కూడా ఈ కొలతలోనే). ఆ పీడనంలో నీళ్లు మరిగేది 97కే. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. దాన్ని నేరుగా చదివే యాప్ పెడితే వాడి ఫోనే సాక్ష్యం చెబుతుంది.

ట్యాంకర్ నీళ్లు నిర్దోషులు. లీటరుకి గ్రాము ఉప్పు కలిసినా తేడా 0.02 డిగ్రీ, అదీ పైకే గానీ కిందికి కాదు. మంట పెంచితే ఆవిరి జోరుగా లేస్తుంది, అంకె కదలదు.

గాజుసామాను:
థర్మామీటర్ని మాత్రం అప్పుడే వదలకండి. నలగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు పోసి, కలుపుతూ మూడు నిమిషాలు ఉంచితే 0 చూపాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అది చాలదు. స్కూళ్లలో వాడే ఎర్ర ద్రవం థర్మామీటర్లలో కొన్ని, ద్రవం ఎంత ఎత్తుకి ఎక్కిందో అంతదాకా నీళ్లలో ముంచి చదవాల్సిన రకం. సగం కాడ బయట ఉంటే బయటి ద్రవం చల్లగా ఉండి, మరిగే నీళ్లలో రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపుతాయి. ఐసు దగ్గర ఈ లోపం దాదాపు బయటపడదు. అంటే చెన్నైలో కూడా మీకు 97 రావచ్చు! కాడ మీద చుట్టూ ఒక గీత ఉంటే అంతవరకే ముంచితే చాలు, అలాంటిది కొనండి. బల్బు బీకరు అడుగుకి తగలకూడదు, ఒక సెంటీమీటరైనా పైన ఉండాలి.

వేళచ్చేరి_ల్యాబ్:
మాకు ఇక్కడ చెన్నైలో 100 వస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు, పీడనం సంగతి చూపించడమే కష్టం. సిరంజి వాడండి. 20 మిల్లీలీటర్లది, సూది లేకుండా. నీళ్లు ముందు ఐదు నిమిషాలు మరిగించి 70 డిగ్రీలకి దించండి. మరిగించకపోతే నీళ్లలో కరిగిన గాలి బుడగలై మోసం చేస్తుంది. 5 మిల్లీలీటర్లు పీల్చి, మూతి పైకి పెట్టి గాలంతా తోసేసి, రబ్బరు మూతతో బిగించాలి. వేలితో మూస్తే కాలుతుంది. ప్లంజర్ వెనక్కి లాగితే లోపల పీడనం తగ్గి, మంట లేకుండానే నీళ్లు సలసలా మరుగుతాయి. నెమ్మదిగా వదలండి. బుడగలన్నీ మాయమైతే అది ఆవిరి. ఒక బుడగ మిగిలిపోతే ఎక్కడో గాలి దూరుతోంది, మూత మళ్లీ బిగించండి.

హొరమావు_ట్యూషన్:
బాగుందండీ. కానీ ఐసు పరీక్ష పెడితే వచ్చే ప్రశ్న ఇప్పుడే వినిపిస్తోంది: "మరిగేది మూడు తగ్గితే ఐసు కరిగేది కూడా మూడు తగ్గాలి కదా సార్?"

పీడనం_పంతులు:
తగ్గదు. నీళ్లు ఆవిరైతే వెయ్యిన్నర రెట్లకు పైగా ఉబ్బుతాయి, అంత చోటు కోసం పైనున్న గాలిని నెట్టాలి. ఐసు కరిగితే పరిమాణం మారేది 8 శాతం పైచిలుకు, అదీ తగ్గడమే. గాలికి అక్కడ పెద్దగా పనిలేదు. బెంగళూరుకీ చెన్నైకీ ఆ తేడా డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టి రెండు ఊళ్లలోనూ 0 గీతని నమ్మొచ్చు.