గ్రీజ్ ట్రాప్ ఉన్నా డ్రైనేజీ లైన్ జామ్. ఎవరైనా చెప్పండి

పెసరట్టు_సెంటర్:
పొద్దున 4 నుంచి ఇదే పని. వెనక చాంబర్ నిండిపోయి నీళ్ళు వంటగదిలోకి తన్నుకొస్తున్నాయి. గ్రీజ్ ట్రాప్ (నీళ్ళలోని జిడ్డుని పట్టి ఆపే పెట్టె) పెట్టించి మూడు నెలలు కాలేదు, వారం వారం కడిగిస్తున్నాం కూడా. అయినా చాంబర్ దాటాక 4 అంగుళాల పైపులో తెల్లగా సున్నపు ముద్దలా గడ్డకట్టింది. నిన్న కిలో కాస్టిక్ సోడా వేసి రెండు బకెట్ల మరిగే నీళ్ళు పోశాం. గంట పారింది, మళ్ళీ మామూలే. ట్రాప్ అమ్మినవాడు ఫోనెత్తడు. రేపు ఆదివారం, గిరాకీ రోజు.

పైపురెంచి:
ట్రాప్ ఎన్ని లీటర్లు? సింకులెన్ని? ఫోటో పెట్టండి.

మూకుడు_బాబాయ్:
అసలు నూనె తూములోకి ఎందుకు వెళ్తోందో ముందు అది చూడండి. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే మళ్ళీ వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ నూనెను బయోడీజిల్‌కి మళ్ళించడానికే అదే ఏడాది రూకో అనే పథకం మొదలుపెట్టారు. డబ్బులొచ్చే సరుకుని కాలవలో పోసి, మళ్ళీ కాలవ బాగుకి డబ్బు పెట్టడం...

పెసరట్టు_సెంటర్:
బాబాయ్, నూనె రేటు తెలిసీ ఎవరు పారబోస్తారు! వాడేసింది క్యాన్లలో పట్టి అమ్మేస్తున్నాం. ఇది గిన్నెలు కడిగిన జిడ్డు. ట్రాప్ 40 లీటర్ల స్టీల్‌ది, సింకు కింద. సింకులు రెండు, ఒక్కోటి 60×45×30 సెంటీమీటర్లు.

పైపురెంచి:
చాలదు.

మురుగులెక్క:
ఎందుకు చాలదో చెప్తే బాగుండేది కదండీ. ఒక్కో సింకు 81 లీటర్లు. ముప్పాతిక నిండాయనుకుంటే రెండూ కలిపి సుమారు 120. అవి 2 నిమిషాల్లో ఖాళీ అయితే నిమిషానికి 60 లీటర్లు. అంటే 40 లీటర్ల పెట్టెలో నీళ్ళు 40 సెకన్లే నిలుస్తాయి. ఈలోపు జిడ్డు పైకి తేలడానికి టైమెక్కడిది? చిన్న పెట్టెలకు ముందు నీటి వేగం తగ్గించే ఫ్లో కంట్రోల్ ఉండాలి, దాని మీద నిమిషానికి ఎన్ని లీటర్లో రాసి ఉంటుంది. మీకు నిమిషానికి 75 లీటర్ల రకం కావాలి.

ఇక కాస్టిక్ మానేయండి. జిడ్డుతో కలిస్తే అది సబ్బవుతుంది, బోరునీళ్ళలో కాల్షియం తగిలితే గట్టి సున్నపు సబ్బు. మీ తెల్లముద్ద అదే అయ్యుంటుంది. వేడినీళ్ళు జిడ్డును కరిగించి నాలుగు మీటర్ల అవతల పేరబెడతాయి, అంతే.

జీప్లస్2:
ఇదంతా ఎందుకు, సిల్ట్ చాంబర్ కట్టించుకోండి. హైదరాబాద్‌లో జలమండలి వాళ్ళు హోటళ్ళని అడిగేది అదే. రెండూ ఒకటే.

మురుగులెక్క:
ఒకటి కాదండీ. సిల్ట్ చాంబర్ అడుగుకి దిగేదాన్ని పడుతుంది, గ్రీజ్ ట్రాప్ పైకి తేలేదాన్ని. బయటికెళ్ళే గొట్టానికి కిందికి దిగే టీ (T ఆకారపు పైపు ముక్క) లేకపోతే పైన తేలిన జిడ్డు నేరుగా పోతుంది.

జీప్లస్2:
మా మేస్త్రీ రెంటినీ సిల్ట్ చాంబరే అంటాడు.

పైపురెంచి:
మీ మేస్త్రీ గల్లీ ట్రాప్‌ని (వాసన రాకుండా బయట పెట్టే నీళ్ళ తూము) కూడా అదే అంటాడేమో. @పెసరట్టు, మూకుళ్ళు, పిండి డ్రమ్ములు ఎక్కడ తోముతారు?

పెసరట్టు_సెంటర్:
అవి సింకులో ఎలా పడతాయండీ! పెరట్లో కుళాయి కింద బండ మీద. అందరూ అంతే కదా.

పైపురెంచి:
ఆ నీళ్ళు?

పెసరట్టు_సెంటర్:
నహానీలోకి, అదే నేల మీది జాలీ తూములోకి.

పైపురెంచి:
ట్రాప్ మూత, చాంబర్ మూత రెండూ తియ్యండి. బకెట్ నీళ్ళలో బట్టల నీలం కలిపి నహానీలో పొయ్యండి. ఎక్కడ తేలుతుందో చెప్పండి.

పెసరట్టు_సెంటర్:
ట్రాప్‌లో చుక్క లేదు. నేరుగా చాంబర్‌లోకొచ్చింది 😐

మురుగులెక్క:
అదీ సంగతి. అసలు జిడ్డంతా ట్రాప్‌ని తప్పించుకుని పోతోంది. సింకు కింది పెట్టె నేల కంటే ఎత్తులో ఉంది, నేలనీళ్ళు దాంట్లోకి ఎక్కవు. భూమిలో తొట్టి కట్టాల్సిందే. సింకులవి 60, కుళాయి 15, మొత్తం నిమిషానికి 75. 20 నిమిషాలు నిలవాలంటే 1500 లీటర్లు. నీటిమట్టం దాకా 1.5×1×1 మీటరు, మధ్యలో అడ్డగోడ. బయటి టీ మూతి అడుగుకి 30 సెంటీమీటర్ల పైన. మరుగుదొడ్డి లైన్ దీంట్లో కలపొద్దు. నహానీకి జల్లెడబుట్ట పెట్టండి, లేకపోతే ఇడ్లీపిండి అడుక్కి దిగి పులుస్తుంది.

కర్ర ముంచి చూడండి. పైన జిడ్డు, కింద మడ్డి కలిపి లోతులో పావు వంతుకి వస్తే తీయించాలి. తీశాక మంచినీళ్ళతో నింపాలి. ఖాళీ తొట్టిలో మొదటి రోజు జిడ్డు నిలవదు, ఇది చాలామంది మర్చిపోతారు. మూకుడుని ముందు పాత పేపరుతో తుడిచి అప్పుడు కడిగితే సగం బాధ తగ్గుతుంది.

జీప్లస్2:
ఎంజైమ్ పౌడర్ వేస్తే ఇవేవీ అక్కర్లేదట?

పైపురెంచి:
జిడ్డు విడిపోయి ముందుకెళ్ళి వీధి లైన్‌లో పేరుకుంటుంది. మీ ఇంటి ముందు కాదు కాబట్టి మీకు బాగున్నట్టుంటుంది. @పెసరట్టు, ఇప్పటికి జెట్టింగ్ (గట్టి ప్రెషర్‌తో నీళ్ళు కొట్టి పైపు శుభ్రం చేయడం) చేయించండి. కాస్టిక్ పోశామని వాళ్ళకి ముందే చెప్పండి, కళ్ళలో పడితే ప్రమాదం. చాంబర్‌లోకి గానీ రేపు ఆ తొట్టిలోకి గానీ మనిషిని దింపొద్దు. గ్యాస్ ఉంటుంది, రక్షణ పరికరాలు లేకుండా మురుగు లైన్‌లోకి మనిషిని దింపడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

మూకుడు_బాబాయ్:
క్యాన్లలో అమ్మేది రూకో వాళ్ళకేనా? లేక బండివాడికా? వాడు మళ్ళీ మిర్చి బజ్జీల్లోకే...

పెసరట్టు_సెంటర్:
జెట్టింగ్ బండి వచ్చి వెళ్ళింది, పారుతోంది. తొట్టికి ఓనర్ ఒప్పుకోవాలి, పెరట్లో సంపు కూడా ఉంది. థ్యాంక్స్ అందరికీ.

దమ్‌పాయింట్:
మాది బిర్యానీ. 1500 లీటర్లు సరిపోతుందా?

పైపురెంచి:
సింకులెన్ని?