సాగర్ ఎడమ కాలువ కింద వరి: మూడో బస్తా యూరియా కావాలా, వద్దా?

వేములపల్లి_నాటు | సెప్టెంబర్ 10, 2025, రాత్రి 9.14

ఈసారి జులై నెలాఖరుకే సాగర్ గేట్లు ఎత్తారు కాబట్టి మా వైపు నాట్లు టైముకే పడ్డాయి. నాది మూడెకరాలు, తెలంగాణ సోనా. ఆగస్టు 3న నాటు వేశాం. పిలకలు బాగానే కట్టింది. వారం నుంచి మాత్రం మడి మధ్యలో పచ్చదనం తగ్గి, ఆకు పసుపు తిరిగింది. ఇప్పటిదాకా ఎకరానికి ఒక బస్తా డీఏపీ, బస్తాన్నర యూరియా పడింది. నిన్న పొద్దున 5 గంటలకు సొసైటీ దగ్గర లైన్లో నిలబడితే మధ్యాహ్నం ఒక్క బస్తా చేతికొచ్చింది. మూడెకరాలకు ఒక్కటి! చిరుపొట్ట దశ (లోపల కంకి మొదలయ్యే దశ) దగ్గర పడింది. అసలు ఇంకా యూరియా కావాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవచ్చా? మీ పొలాలు ఎలా ఉన్నాయో కూడా రాయండి.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 10, రాత్రి 9.52

తమ్ముడూ, ముందు లెక్క చూసుకో. వానాకాలం వరికి ఎకరానికి సుమారు 48 కిలోల నత్రజని చాలు. డీఏపీ బస్తాలో 9 కిలోలు వచ్చాయి. మిగిలింది 39. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోలు ఉంటుంది. రెండు బస్తాలంటే 41 దాటింది. నువ్వు ఇప్పటికే బస్తాన్నర వేశావు కాబట్టి ఎకరానికి ఇంకో అర బస్తా, అంతే. మూడు, నాలుగు బస్తాలు కుమ్మరిస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత దోమ వస్తుంది, అగ్గి తెగులు వస్తుంది, హస్త కార్తె గాలికి చేను పడిపోతుంది.

సూర్యాపేట_పత్తి | సెప్టెంబర్ 10, రాత్రి 10.05

మా దగ్గర పత్తి నీళ్లలో నిలబడి ఎర్రబారింది. కింది కాయ మురుగుతోంది. మద్దతు ధర 8,110 అన్నారు, ఆగస్టులోనేమో దిగుమతి సుంకం ఎత్తేశారు. వరి వాళ్లకు యూరియా ఒక్కటే టెన్షన్, అదృష్టవంతులు.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 10, రాత్రి 10.31

రిటైర్డ్ సారు లెక్క కాగితం మీద బాగుంది. నేను ఆరెకరాలు చేస్తున్నా. ఎర్ర చెల్క. పొద్దున నీళ్లు పెడితే సాయంత్రానికి ఇంకిపోతాయి, వేసిన మందు నీళ్లతో పాటే కిందికి పోతుంది. నల్లరేగడికి, చెల్కకు ఒకటే లెక్కా? పోయిన వానాకాలం రెండు బస్తాలతో ఆపి చూశా. పక్క మడి కంటే ఎకరానికి నాలుగు బస్తాల వడ్లు తగ్గాయి. ఆ నాలుగు బస్తాలు ఎవరిస్తారు?

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 10, రాత్రి 10.58

చెల్కలో మందు కిందికి పోతుందన్నది నిజమే. దానికి మందు ఎక్కువ వేయడం కాదు, అదే మందును ఎక్కువ దఫాలుగా వేయాలి. మూడు దఫాలను నాలుగు చేసుకో, నీళ్లు పలచగా ఉంచి చల్లు.

వేములపల్లి తమ్ముడికి ఒక ప్రశ్న: పసుపు తిరిగింది అడుగు ఆకులా, పై ఆకులా? నత్రజని తక్కువైతే ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి. లేత ఆకులు పాలిపోతే గంధకమో ఇనుమో చూడాలి. తుప్పు మచ్చలుంటే జింకు. దేనికైనా యూరియాయే అంటే ఎలా?

ఎర్రచెల్క | సెప్టెంబర్ 10, రాత్రి 11.10

నాలుగు దఫాలు వేయాలంటే నాలుగుసార్లు దొరకాలి కదా సార్! దొరికిన రోజే మొత్తం చల్లేస్తున్నారు జనం. ఇంట్లో పెట్టుకుంటే ఎవరో అడుగుతారు, లేదంటే గడ్డ కడుతుంది. మళ్లీ లోడు ఎప్పుడొస్తుందో సొసైటీ వాడికే తెలియదు. మీరు చెప్పే దఫాలు సరుకు దొరికే కాలం మాట.

వేములపల్లి_నాటు | సెప్టెంబర్ 11, ఉదయం 6.40

ఇప్పుడే పొలం వెళ్లి చూశా. అడుగు ఆకులు పసుపే. కొన్ని దుబ్బుల్లో పై ఆకు కూడా పలచబడింది. మచ్చల్లాంటివి ఉన్నాయి, తుప్పు రంగో మట్టి మరకో తెలియట్లేదు.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, ఉదయం 7.15

తడి బట్టతో తుడిచి చూడు. పోతే మట్టి. పోకపోతే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టు. మడిలో నీళ్లు ఎన్ని రోజుల నుంచి నిలిచి ఉన్నాయి?

వేములపల్లి_నాటు | సెప్టెంబర్ 11, ఉదయం 7.22

నాటు దగ్గర్నుంచీ తీయలేదు సార్. కాలువ వస్తోంది కదా.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, ఉదయం 7.30

అదే చెప్తున్నా. ముందు నీళ్లు తీసెయ్. వేరుకు గాలి తగలక మొక్క తిండి తీసుకోవట్లేదు. సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ పెట్టు. ఇందులో సగం యూరియా జబ్బు కాదు, నీళ్ల జబ్బు.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, ఉదయం 8.03

అడుగు ఆకులు పసుపు అని ఆయనే రాశాడు. మీ మాట ప్రకారమే అది నత్రజని. ఇప్పుడు నీళ్ల జబ్బు అయిందా?

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, ఉదయం 8.20

రెండూ ఉండవచ్చు. "అడుగు ఆకులు" అన్న ఒక్క ముక్క పట్టుకుని వేలాడకండి.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, ఉదయం 8.24

ఆ ముక్క తెచ్చింది మీరే.

కోదాడ_కుర్రాడు | సెప్టెంబర్ 11, ఉదయం 9.11

నానో యూరియా (సీసాలో వచ్చే ద్రవం, ఆకు మీద కొట్టేది) ఎవరైనా వాడారా? మా డీలరు బస్తా యూరియా కావాలంటే సీసా కూడా కొనాల్సిందే అంటున్నాడు.

మధిర_మిర్చి | సెప్టెంబర్ 11, ఉదయం 9.40

అలా అంటగట్టడం తప్పు, అయినా అందరూ చేస్తున్నారు. అర లీటరు సీసాలో 20 శాతం అనుకున్నా నత్రజని 100 గ్రాములే. బస్తాలో 20 కిలోలు. ఆకు మీద కొడితే ఎక్కువ అందుతుందంటారు, కానీ 200 రెట్లా? పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు సగం యూరియా తగ్గించి సీసా కొట్టి చూస్తే వరి, గోధుమ రెండింట్లోనూ దిగుబడి తగ్గింది. నేను రెండు సీసాలు కొన్నా, అటక మీద ఉన్నాయి.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 1.05

నానో గొడవ వేరే పెట్టుకుందాం. అసలు విషయం చెప్తా, కోపం వచ్చినా సరే. రామగుండం ప్లాంటు ఆగస్టులో ఆగింది, బయటి నుంచి రావాల్సిన యూరియా ఆలస్యమైంది. అవన్నీ ఒప్పుకుంటా. కానీ ఎకరానికి రెండు బస్తాలు చాలే చోట నాలుగు చల్లే వాళ్ల వల్ల కూడా ఆ లైను పొడుగైంది. బస్తా 266 రూపాయలే కాబట్టి ఎవరికీ లెక్క లేదు. అదే 1,350 పెట్టే డీఏపీని ఇలా కుమ్మరిస్తారా?

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 2.47

లైను నా వల్ల పొడుగైందా సార్?

చెప్తా వినండి. సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు చెప్పులు వరుసలో పెట్టి వచ్చా. 6 గంటలకు నా భార్యను నిలబెట్టి నేను మోటరు దగ్గరికి పోయా. 11 గంటలకు మా వంతు. పాసుబుక్కు ఏదన్నారు. మాది కౌలు అన్నాం. పట్టాదారును తీసుకురమ్మన్నారు. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశాడు. వెనకున్నాయన రెండు బస్తాలు తీసుకుని బండి మీద వేసుకుని పోయాడు. ఆయనకు ఈ ఏడాది సాగే లేదు, పొలం మా బామ్మర్దికి కౌలుకిచ్చాడు. ఆ రెండు బస్తాలు సాయంత్రానికి 400 చొప్పున మా బామ్మర్దే కొన్నాడు.

మీరు రెండా మూడా అని లెక్కలు చెప్తున్నారు. నాకు ఇప్పటిదాకా దొరికింది ఎకరానికి ఒకటి. అదీ బ్లాకులో.

మల్కాజిగిరి_మనవడు | సెప్టెంబర్ 11, సాయంత్రం 6.32

కౌలు అన్న ప్రతిసారీ హైదరాబాద్‌లో ఉన్న పట్టాదారును దొంగను చేయడం ఫ్యాషనైపోయింది. మాకూ నాలుగెకరాలు ఉంది. నాన్నకు మోకాళ్లు పనిచేయవు. కౌలుకిస్తే తప్పా? యూరియా కోసం నేను సెలవు పెట్టి రావాలా?

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, సాయంత్రం 6.50

రైతు భరోసా ఎకరానికి 6,000 పడినప్పుడు సెలవు పెట్టారా? అది ఇంట్లో కూర్చుంటేనే పడింది కదా. కౌలు ఎకరానికి 18 వేలు ఉగాదికే కట్టించుకున్నారు మా ఆసామి. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్, అదీ పట్టాదారు పేరున కాంటా వేయించాం కాబట్టి ఆయన ఖాతాలోకే పోయింది. అడిగితే "వచ్చే ఏడు కౌలులో చూద్దాం" అన్నాడు. ఎన్నికల ముందు భరోసా కౌలు రైతుకూ ఇస్తామన్నారు, మీరూ విన్నారు.

మల్కాజిగిరి_మనవడు | సెప్టెంబర్ 11, రాత్రి 7.25

అది ప్రభుత్వాన్ని అడగండి, నన్ను కాదు. కౌలుకిచ్చినట్టు ఒక కాగితం రాసివ్వమంటే ఎందుకివ్వరో చెప్తా. మా తాత ఇలాగే నమ్మకం మీద ఇచ్చిన రెండెకరాలు రక్షిత కౌలుదారు కింద పోయాయి. అలాంటి కౌలుదారుకే భూమి హక్కు రాసిచ్చే 38ఈ సర్టిఫికెట్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఒక తిట్టు. నాన్న కోర్టు చుట్టూ 20 ఏళ్లు తిరిగారు. అందుకే మేం ఎవరికీ సంతకం పెట్టం. మీకు యూరియా దొరకాలనే నాకూ ఉంది, కానీ ఆ కాగితం రేపు ఎక్కడ తేలుతుందో ఎవరు చూశారు?

మధిర_మిర్చి | సెప్టెంబర్ 11, రాత్రి 7.41

1950 నాటి కౌలు చట్టం భయం 2025లో యూరియా మీద పడింది! ఒకప్పుడు పహాణీలో (ఊరి భూమి రికార్డులో) అనుభవదారు, అంటే సాగు చేసేవాడి కాలమ్ ఉండేది. ధరణి భూమి పోర్టల్‌తో అదీ పోయింది. 2011 చట్టం కింద కౌలు రైతులకు గుర్తింపు కార్డులు ఇచ్చారు, అవీ మా వైపు ఇప్పుడు ఎవరూ అడగట్లేదు. ఏ కాగితంలోనూ లేని మనిషి ఆరెకరాలు పండిస్తున్నాడు.

సూర్యాపేట_పత్తి | సెప్టెంబర్ 11, రాత్రి 8.02

కౌలు పత్తిదీ ఇదే కథ. రేపు పత్తి అమ్మడానికి సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) దగ్గరికి పోతే మళ్లీ పాసుబుక్కే.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, రాత్రి 8.55

చర్చ యూరియా మోతాదు మీద మొదలైంది. పాలసీ మీద కోపాన్ని పంట మీద చూపిస్తే నష్టపోయేది మళ్లీ మనమే. ఎవరి పేరున కొన్నా మొక్కకు కావాల్సింది 48 కిలోలే.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, రాత్రి 9.08

సార్, ఒక్కటి అడుగుతా. మీ పొలం ఎవరు చేస్తున్నారు?

కోదాడ_కుర్రాడు | సెప్టెంబర్ 11, రాత్రి 9.10

అబ్బో.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 11, రాత్రి 10.37

దాచడానికేం లేదు. నాలుగెకరాలు కౌలుకే ఇచ్చాను. కానీ నేను బోనస్ తీసుకోలేదు, అతనికే ఇచ్చాను. రైతు భరోసా మాత్రం నాకే వస్తుంది, కౌలు ఆ మేరకు తగ్గించాననుకుంటున్నా. సెంటు కూడా ఎవరి దగ్గరా అన్యాయంగా తీసుకోలేదు.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 11, రాత్రి 10.45

యూరియా ఎలా తెచ్చుకున్నాడో అడిగారా?

వేములపల్లి_నాటు | సెప్టెంబర్ 12, ఉదయం 7.05

పెద్దాయన చెప్పినట్టు నిన్న నీళ్లు తీసేశా. బట్టతో తుడిస్తే సగం మచ్చలు పోయాయి, సగం పోలేదు. జింకు తెచ్చా. దొరికిన ఒక్క బస్తాలో మరీ పసుపెక్కిన ఎకరానికే అర బస్తా వేసి, మిగతా సగం పక్కన పెట్టా. మిగిలిన రెండెకరాల గురించి ఎవరూ ఏమీ తేల్చలేదు. ఉత్తర కార్తె రేపటి నుంచి, మబ్బు పట్టే ఉంది.

మల్కాజిగిరి_మనవడు | సెప్టెంబర్ 12, ఉదయం 9.30

ఆదివారం ఊరికి వస్తున్నా. మా కౌలుదారు కోసం లైన్లో నిలబడతా. సంతకం మాత్రం అడగొద్దు.

రిటైర్డ్_విస్తరణ | సెప్టెంబర్ 12, ఉదయం 11.18

రాత్రి మా కౌలు అతనికి ఫోన్ చేశాను. ఇప్పటిదాకా ఎకరానికి బస్తా పావు పడిందట, నాకు చెప్పలేదు. పాసుబుక్కు జిరాక్స్, ఆధార్ జిరాక్స్ వాట్సాప్‌లో పంపాను. శనివారం లోడు వస్తుందంటున్నారు. అయినా చెప్తున్నా, ఎకరానికి రెండు బస్తాలు చాలు.

ఎర్రచెల్క | సెప్టెంబర్ 12, ఉదయం 11.26

మా సొసైటీలో జిరాక్స్ తీసుకోవట్లేదు సార్. పట్టాదారు వేలిముద్ర కావాలంటున్నారు.