యువ లెక్చరర్లకు వేసవి శిక్షణ: తూర్పు యూరప్ పద్ధతి మన కాలేజీల్లో కుదురుతుందా?

ప్రశ్న (అమలాపురం, ఎకనామిక్స్ లెక్చరర్):

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చినప్పటి నుంచి మా పని బాగా మారిపోయింది. ఇదివరకు మూడు సబ్జెక్టుల్లో ఎకనామిక్స్ ఒకటి. ఇప్పుడు దాని మీదే పేపర్ల మీద పేపర్లు. వాటిలో కొన్ని నేను పీజీలో కూడా చదవలేదు. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు వాటిని ఇంగ్లిష్‌లో చెప్పాలి. రేపటి క్లాసు తలుచుకుంటేనే రాత్రి టెన్షన్‌గా ఉంటుంది.

రిఫ్రెషర్ కోర్సు ఆన్‌లైన్‌లో చేశాను. రోజంతా పీపీటీలు, చివర్లో క్విజ్, ఆపైన సర్టిఫికెట్. మర్నాడు క్లాసులో ఏం మార్చుకోవాలో మాత్రం తెలియలేదు. అందుకే చుట్టుపక్కల కాలేజీల్లో నాలాంటివాళ్లం కొందరం ఈ వేసవిలో ఒక వారం కలిసి కూర్చుందామనుకుంటున్నాం.

కమ్యూనిస్టు పాలన పోయాక తూర్పు యూరప్‌లో, పాత సోవియట్ దేశాల్లో యువ అధ్యాపకులకు వేసవి శిక్షణలు పెట్టేవారని ఒక సీనియర్ చెప్పారు. అవి ఎలా జరిగేవి? దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా రాయండి.

జవాబు 1 (కాకినాడ, సోషియాలజీ):

మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది తమ్ముడూ. నేను హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీలో చదువుకున్నాను. వేసవిలో ఊరికి రావడానికి టికెట్ డబ్బులు లేక, అక్కడి సమ్మర్ యూనివర్సిటీలో సహాయకురాలిగా పనిచేసేదాన్ని. ఫొటోకాపీలు తీయడం, హాస్టల్ గదులు చూపించడం, సాయంత్రం చర్చల్లో నోట్స్ రాయడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాంటి లెక్చరర్లే.

వాళ్ల కష్టం ముందు తెలియాలి. సోవియట్ కాలంలో ఇంజనీరింగ్ పిల్లలైనా సరే పార్టీ చరిత్ర, మార్క్సిస్టు తత్వశాస్త్రం, రాజకీయార్థశాస్త్రం, శాస్త్రీయ కమ్యూనిజం చదవాల్సిందే. 1991 తర్వాత ఆ పేపర్లు పోయాయి. వాటిని చెప్పిన విభాగాలే పొలిటికల్ సైన్స్, సోషియాలజీ అని పేరు మార్చుకున్నాయి. మనుషులు వాళ్లే, సబ్జెక్టు కొత్తది, వాళ్ల భాషలో పుస్తకాలు లేవు. జీతాలు నెలల తరబడి ఆగిపోయేవి. రెండు మూడు చోట్ల క్లాసులు చెబితేనే ఇల్లు గడిచేది. చదువుకోవడానికి తీరికెక్కడిది?

ఆ లోటు తీర్చడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి. 1991లో మొదలైన సివిక్ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు వాళ్లు ముందు పశ్చిమ దేశాల నుంచి అధ్యాపకులను పంపారు. తర్వాత బయట చదువుకుని సొంత దేశానికి తిరిగొచ్చిన స్థానికులకు అండగా నిలిచారు. ఈ రెండోదే మంచి పని అని నా అభిప్రాయం. మా యూనివర్సిటీ కూడా హంగరీలో పుట్టిన అమెరికన్ కోటీశ్వరుడు జార్జ్ సోరోస్ డబ్బుతో 1991లోనే మొదలైంది. 1996 నుంచి వేసవి కోర్సులు నడిపింది. ఆయన ఫౌండేషన్ ఉన్నత విద్యకు ఇచ్చిన సాయంలో భాగంగా ‘రీసెట్’ అనే పథకం ఉండేది. మీరు ముఖ్యంగా తెలుసుకోవలసింది దాని గురించే.

రీసెట్‌లో ఒక్క వేసవితో పని అయిపోయేది కాదు. ఒకే సబ్జెక్టు చెప్పే యువ అధ్యాపకులు, వేర్వేరు దేశాలవాళ్లు, ఒక బృందంగా మూడేళ్లు కలిసి ఉండేవారు. వేసవిలో పెద్ద సమావేశం, మధ్యలో చిన్న సమావేశాలు, మిగతా రోజుల్లో ఈమెయిల్ మీద పని. మొదటి వేసవిలో మాట్లాడుకున్నది ఏడాది పొడవునా తమ క్లాసులో చెప్పి చూసి, మరుసటి వేసవిలో ఏం కుదిరింది, ఏం కుదరలేదు అని అందరి ముందు పెట్టేవారు. తిరిగి వచ్చి చెప్పాలన్న ఆ ఏర్పాటే అన్నిటికంటే బలమైనది.

కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచి వచ్చిన ఒకావిడ నాకు బాగా గుర్తు. వలసల మీద పేపరు తయారు చేసుకుని వచ్చింది. చదవాల్సిన వ్యాసాలన్నీ మెక్సికో నుంచి అమెరికా వెళ్లేవాళ్ల గురించే. ఆమె ఊళ్లో కుర్రాళ్లంతా రష్యాలో కూలి పనికి వెళ్లిపోయారు, సిలబస్‌లో మాత్రం వాళ్ల ఊసు లేదు. ‘నీ క్లాసులో ఎంతమంది తండ్రులు మాస్కోలో ఉన్నారు?’ అని ప్రొఫెసర్ అడిగాడు. ఆవిడకు కోపం వచ్చింది, భోజనాల దగ్గర కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి హాస్టల్ వంటగదిలో కూర్చుని మూడు వారాల పాఠం తిరగరాసింది. ప్రతి విద్యార్థీ ఒక వలస కుటుంబంతో మాట్లాడి రాయాలి, ఆ తర్వాతే మెక్సికో వ్యాసం చదవాలి. మన కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఆడవాళ్లు కువైట్ వెళ్తున్నారు కదా. మన వలసల పాఠంలో వాళ్లు ఎక్కడున్నారు? నేనిప్పుడు నా క్లాసులో అలాగే మొదలుపెడతాను. ఆ పద్ధతి ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

లోపాలూ చెప్పాలి. పశ్చిమం నుంచి వచ్చిన కొందరు, ఎదుటివాళ్లకు ఏమీ తెలియదన్నట్టే మాట్లాడేవారు. బాగా నేర్చుకున్నవాళ్లలో కొందరు స్వదేశం వదిలి వెళ్లిపోయారు. పైగా అంతా ఒకే దాత చేతిలో ఉండటం, ప్రభుత్వాలకు కంటగింపు కావడం. విదేశీ యూనివర్సిటీల మీద 2017లో హంగరీ తెచ్చిన చట్టం వల్ల మా యూనివర్సిటీ చదువులు వియన్నాకు తరలిపోయాయి. ఆ చట్టం తప్పని 2020లో యూరోపియన్ యూనియన్ కోర్టు తీర్పు ఇచ్చింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బెలారస్‌లో యూరోపియన్ హ్యుమానిటీస్ యూనివర్సిటీని 2004లో మూయించారు. అది లిథువేనియాకు వెళ్లి మళ్లీ మొదలైంది. అందుకే మీరు చేసేది ఎవరో ఒకరి దయ మీద ఆధారపడకుండా చూసుకోండి.

జవాబు 2 (భీమవరం, గెస్ట్ ఫ్యాకల్టీ):

మేడం గారు రాసింది శ్రద్ధగా చదివాను. నాదొక్కటే ప్రశ్న. మాకు క్లాసుకింత అని ఇస్తారు, మే నెలలో పైసా రాదు. ఆ నెలంతా నేను ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ట్యూషన్లు చెప్పుకుంటాను. వారం రోజులు వదిలేసి రావాలంటే ఇంట్లో ఏం చెప్పాలి? అక్కడివాళ్లకు ఎవరైనా ఖర్చులు ఇచ్చేవారా? శిక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే రావడానికి వీలుండదు. పర్మనెంటు వాళ్లు మాత్రమే వస్తే ఆ పనికి అర్థం లేదు.

జవాబు 1 (కాకినాడ):

చాలా సరైన మాట. అక్కడ ఎంపికైనవాళ్లకు ప్రయాణం, బస, భోజనం ఇచ్చేవారు. రీసెట్ లాంటి వాటిలో పైన కొంత స్టైపెండ్ కూడా. అది లేకపోతే ఓష్ నుంచి ఆవిడ వచ్చేదే కాదు. 1990ల మొదట్లో సోరోస్ పాత సోవియట్ శాస్త్రవేత్తలకు తలా 500 డాలర్లు ఇచ్చాడు, వాళ్లు పరిశోధన వదిలి బజారులో సరుకులు అమ్ముకోవలసిన పరిస్థితి రాకూడదని. బోధన బాగుండాలంటే బోధించేవాడి ఇల్లు గడవాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మీ ట్యూషన్ డబ్బులు నష్టపోకుండా గెస్ట్ వాళ్లందరికీ ఎంతో కొంత ఇవ్వాల్సిందే. పర్మనెంటు వాళ్లం వేసుకుందాం. నా వంతు నేను ఇస్తాను.

జవాబు 3 (పాలకొల్లు, రిటైర్డ్ ప్రిన్సిపాల్):

ఆయ్, మంచి ఆలోచనండి. లెక్చరర్లకు శిక్షణ ఇచ్చే అకడమిక్ స్టాఫ్ కాలేజీలు 1987లో మొదలైనప్పుడు నేను కుర్ర లెక్చరర్ని. నాలుగు వారాలు విశాఖలో ఒకే హాస్టల్లో ఉండేవాళ్లం. క్లాసుల కంటే రాత్రి మేడ మీద మాట్లాడుకున్నదే ఎక్కువ ఉపయోగపడింది. తర్వాత వాటికి పేర్లు మారాయి, 2023లో మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాలు అయ్యాయి. ఆన్‌లైన్ పెరిగాక ఆ మేడ మీది మాటలు పోయాయి. కాబట్టి ఎదురెదురుగా కూర్చోండి.

చోటు విషయానికి వస్తే రావులపాలెం మంచిది. హైవే మీద ఉంది. అమలాపురం, తణుకు, రాజమండ్రి, ఎటు నుంచైనా బస్సు దొరుకుతుంది. తేదీలు మాత్రం స్పాట్ వాల్యుయేషన్ అయ్యాకే పెట్టండి, లేకపోతే సగంమంది రారు. ఎండ దృష్ట్యా ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పన్నెండుకల్లా ఆపేయండి. మధ్యాహ్నం ఎవరి సిలబస్ వాళ్లు రాసుకుంటారు. అక్కడ నాకు తెలిసిన కల్యాణ మండపం ఉంది, ముహూర్తాలు లేని వారం అడిగి పెడతాను.

ప్రశ్న వేసినవారు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మాస్టారూ, మండపం సంగతి తప్పకుండా కనుక్కోండి. మేడం, ఎంతమందిని పిలవాలి? రావాలంటే వాళ్ల దగ్గర ఏం అడగాలి?

జవాబు 1 (కాకినాడ):

ఈసారి ఎకనామిక్స్ వాళ్లు మాత్రమే, ఇరవైకి మించొద్దు. అన్ని సబ్జెక్టులూ కలిపితే మాట్లాడుకోవడానికి క్రమశిక్షణ, హాజరు తప్ప ఏమీ మిగలదు. బయోడేటాలు, నో అబ్జెక్షన్ కాగితాలు అడగొద్దు. అన్నిటికంటే కష్టంగా ఉన్న ఒక యూనిట్‌ని ఇప్పుడు ఎలా చెబుతున్నారో రెండు పేజీల్లో రాసి పంపమనండి. తెలుగులో రాసినా సరే. వాటిని ముందే అందరికీ పంచండి. వారం అంతా ఆ కాగితాల మీదే పని. బయటి వక్త ఒక్కరు చాలు, అదీ మూడో రోజు తర్వాతే.

రొయ్యల ధర పడిపోతే ఒక చెరువు కౌలుదారుకు ఏమవుతుందన్న లెక్కతో ఒక యూనిట్ తయారు చేసి చూడండి. భీమవరం తమ్ముడూ, ఆ వివరాలు నీకు బాగా తెలుస్తాయి. ఆ పూట నువ్వే నడపాలి.

సంక్రాంతి సెలవులు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం మళ్లీ కలిసేలా తేదీ ఇప్పుడే వేయండి. వచ్చేవాళ్లు ఆ తేదీకి కూడా ఒప్పుకున్నాకే పేరు రాసుకోండి. కాగితాలు నాకు పంపితే చదివి పక్కన రాసి తిరిగి ఇస్తాను.