ఏటీఆర్‌కి ప్రొపెల్లర్ ఉంటే ఎయిర్‌బస్‌కి ఎందుకు లేదు?

గోదారోడు:
మొన్న హైదరాబాద్ నుంచి రాజమండ్రికి చిన్న ఏటీఆర్ విమానంలో వెళ్లాం. కిటికీ పక్కనే ఆరు రెక్కల ప్రొపెల్లర్, "ఇంకా ఈ ఫ్యాన్ విమానాలేంటిరా" అని మా నాన్న దిగేదాకా గొణుగుతూనే ఉన్నారు. చిన్న దూరాలకి ఇదే ఇంధనం తక్కువ తాగుతుందట. మరి జెట్ ఇంజిన్లున్న ఎయిర్‌బస్ 320కి కూడా ఇవే బిగించొచ్చుగా?

లెక్కల మాస్టారు:
రెండూ గాలిని వెనక్కి తోసే ముందుకెళ్తాయండి. ప్రొపెల్లర్ బోలెడు గాలిని మెల్లగా తోస్తుంది, జెట్ కొంచెం గాలిని గట్టిగా తోస్తుంది, వెనకాల గాలిలో మిగిలిపోయిన వేగమంతా దండగే. వెనక్కి పోయే గాలి వేగాన్ని (విమానంలోంచి చూస్తే ఎంతో అంత) విమానం వేగంతో భాగించి, దానికి 1 కలిపి, వచ్చినదాంతో 2ని భాగించండి, గాలిని తోయడానికి పెట్టిన శక్తిలో విమానాన్ని ముందుకి నడిపే వాటా వస్తుంది. ఏటీఆర్ సెకనుకు 140 మీటర్లతో వెళ్తూ గాలిని 160తో వదిలిందనుకుంటే 93 శాతం. అదే వేగంలో పాతకాలం టర్బోజెట్ (గాలంతా ఇంధనం మండే భాగంలోంచే పోయే ఇంజిన్) 600తో వదిలితే 38 శాతమే, కానీ విమానం వేగం 250కి పెంచితే 59కి వస్తుంది. ఇంజిన్ లోపల వేడి రూపంలో పోయేది వేరే లెక్క, దీంట్లో కలపకండి.

గోదారోడు:
అలాగైతే 250లో ప్రొపెల్లర్ గాలిని 270తో వదిలితే 96 వస్తోంది కదా మాస్టారూ, ఇంకా మంచిదేగా?

రెంచి బాబాయ్:
కాగితం మీద వస్తుంది తమ్ముడూ. రెక్క చివర తిరుగుతూనే విమానంతో పాటు ముందుకీ పోతుంది. ఏటీఆర్ ప్రొపెల్లర్ అడ్డంగా దాదాపు 4 మీటర్లు, క్రూయిజ్‌లో (పైకెక్కాక నిలకడగా ఎగిరేటప్పుడు) నిమిషానికి 980 చుట్లు అనుకో, రెక్క కొస సెకనుకు 200 మీటర్లు. దానికి ఎయిర్‌బస్ వేగం 230 జోడిస్తే (మామూలుగా కూడకూడదు, లంబకోణ త్రిభుజం లెక్క) 305 దాకా పోతుంది. 35 వేల అడుగుల ఎత్తులో ధ్వని వేగమే 300 లోపు. అక్కడ షాక్ తరంగాలు పుట్టి డ్రాగ్ (గాలి అడ్డు) పెరుగుతుంది, నీ 96 గాలికి పోతుంది, మోతైతే చెప్పక్కర్లేదు. అందుకే ఎయిర్‌బస్‌కుండే జెట్ ఇంజిన్, అదే టర్బోఫ్యాన్‌లో ఫ్యాన్‌ని డబ్బాలో పెట్టారు, ఆ డబ్బా మూతి లోపలికొచ్చే గాలిని నెమ్మదింపజేస్తుంది. కొత్త ఎయిర్‌బస్ 320లకి వాడే లీప్ ఇంజిన్‌లో కోర్‌లోంచి (ఇంధనం మండే లోపలి భాగం) వెళ్లేదానికి దాదాపు 11 రెట్ల గాలి బయటినుంచే పోతుంది, అంటే సగం ప్రొపెల్లరే!

బీచ్‌రోడ్:
బాబాయ్, అసాధ్యమేం కాదు. వైజాగ్ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 అనే పాత నేవీ ప్రొపెల్లర్ విమానం గరిష్ఠ వేగం గంటకు 900 కిలోమీటర్ల పైనే. ప్రొపెల్లర్లు 5.6 మీటర్లు, అయినా నెమ్మదిగా తిప్పుతారు, ఒకదాని వెనక ఇంకోటి ఎదురుగా తిరుగుతాయి. కాకపోతే దాని మోత ప్రయాణికులు భరించలేరు. వెళ్తే దగ్గర నిలబడి చూడండి, ముందు వరస రెక్కల వంపు ఒకవైపు, వెనక వరసది ఇంకోవైపు ఉంటుంది.