పీజీ వైఫై నా పేరు మీద ఉంది, సైబర్ పోలీసుల నోటీసు వచ్చింది. సోమవారం స్టేషన్‌కి రమ్మన్నారు

మారతహళ్ళి పీజీ (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో అబ్బాయిల పీజీ నడుపుతున్నాం. నాలుగంతస్తులు, 46 బెడ్లు. వంట మా ఆవిడ చూసుకుంటుంది, మిగతా పనులన్నీ నావే. ఇన్నేళ్లలో పోలీసు గడప తొక్కింది లేదు.

నిన్న మధ్యాహ్నం బియ్యం బస్తాలు దింపించుకుంటుంటే మఫ్టీలో ఇద్దరు వచ్చి సైబర్ స్టేషన్ నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. కన్నడ మాట్లాడతాను గానీ చదవాలంటే అక్షరాలు కూడబలుక్కోవాలి. 304లో ఉండే హిందూపురం అబ్బాయి చదివి చెప్పాడు. ఎవరో ఒకావిడ ఫొటో, పేరు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ అకౌంట్ తెరిచారట. ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటు అంటూ ఆమె బంధువులకు మెసేజ్‌లు పెట్టారట. పెద్దాయన ఒకరు నమ్మి 38,000 పంపేశారు. ఆ అకౌంట్ తెరిచిన ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే నంబరు) నా పేరు మీదున్న ఇంటర్నెట్ కనెక్షన్‌దని తేలిందట. 14వ తేదీ 21:42 అని రాశారు. సోమవారం 11 గంటలకు ఆధార్, అద్దె అగ్రిమెంటు, ఉండేవాళ్ల వివరాలు, సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డింగ్ నిలిచే పెట్టె) తీసుకుని రమ్మన్నారు.

మా వైఫైకి అందరికీ ఒకటే పాస్‌వర్డ్. డైనింగ్ హాల్లో ఫ్రిజ్ పక్కన మార్కర్‌తో పెద్దగా రాసి ఉంటుంది. వాళ్ల స్నేహితులు వస్తారు, నీళ్ల క్యాన్లవాళ్లు వస్తారు, ఎవరైనా చూడొచ్చు. ఆ రోజు శుక్రవారం, గుడ్ల కూర. 9:42కి నేను గరిట పట్టుకుని వడ్డిస్తున్నాను, దాదాపు అందరూ నా ఎదురుగానే ఉన్నారు. అది చెబితే సరిపోతుందా?

మా బావమరిదేమో డీవీఆర్ ఫార్మాట్ కొట్టి డిస్క్ పోయిందని చెప్పు, ఫోన్ కూడా రీసెట్ చెయ్ అంటున్నాడు. అసలు మా డీవీఆర్‌లో 15 రోజులకు పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఈ రోజు 28. నేనేమీ చేయకపోయినా సోమవారానికి అందులో ఏమీ ఉండదు కదా, అప్పుడు నా తప్పేముంది అనిపిస్తోంది. మా ఆవిడ రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. కనెక్షన్ నా పేరు మీద ఉంటే నేనే ముద్దాయినా? తెలిసినవాళ్లు చెప్పండి.

నృపతుంగ రోడ్ వకీలు

అన్నా, నేను నెల్లూరువాణ్ణి, ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. ముందు మీ బావమరిది మాట పక్కన పెట్టండి. ఇప్పటిదాకా మీరు చేసిన తప్పేమీ కనిపించడం లేదు. ఆ ఫార్మాట్ బటన్ నొక్కితే మాత్రం కొత్త నేరం మీ చేతులారా చేసినట్టే. సాక్ష్యం మాయం చేయడానికి భారతీయ న్యాయ సంహితలో (బీఎన్‌ఎస్) సెక్షన్ 238 ఉంది. సాక్ష్యంగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును దాచినా, చెరిపినా 241 ఉంది. ఫార్మాట్ చేసిన సంగతి, చేసిన తేదీతో సహా ల్యాబ్‌లో చాలాసార్లు బయటపడుతుంది. ఆ తర్వాత మీరు వడ్డిస్తున్నానంటే ఎవరు నమ్ముతారు?

దానంతటదే చెరిగిపోతే నా తప్పేముంది అన్నారు. నోటీసు చేతికొచ్చాక ఆ మాట చెల్లదు. పైగా ఆ రికార్డింగ్ మీకు అనుకూలమైన సాక్ష్యం కావచ్చు. ఇప్పుడే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేయండి, నోటీసు మీద ఈమెయిల్ ఉంటే మెయిల్ కూడా పెట్టండి. "నా డీవీఆర్‌లో 15 రోజులే నిలుస్తుంది, సోమవారానికి పోతుంది, ముందే తీసుకోండి" అని రెండు వాక్యాలు చాలు. ఆ మెయిల్ రేపు మీకు కవచం.

నోటీసు పైన ఏ సెక్షన్ ఉందో చూసి చెప్పండి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 94 అయితే వస్తువులు, కాగితాలు తెమ్మని. 179 అయితే సాక్షిగా రమ్మని. 35(3) అయితే మీ మీద అనుమానం ఉందని. ఆ మూడోది వచ్చినా కంగారు పడొద్దు. నోటీసు ప్రకారం హాజరవుతూ ఉంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు, 35(5)లో అదే ఉంది. ఆ 35 నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. మీకు చేతికే ఇచ్చారు కాబట్టి ఆ గొడవ లేదు.

ఎఫ్‌ఐఆర్ నంబరు కూడా రాసుకోండి. ఇలాంటి వాటిలో ఐటీ చట్టం 66సీ (ఇంకొకరి గుర్తింపు దొంగిలించడం), 66డీ (ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం) పెడతారు. రెండింటికీ మూడేళ్ల వరకు శిక్ష, బెయిల్ ఇవ్వదగ్గవే. వాటితో పాటు మోసానికి సంబంధించిన బీఎన్‌ఎస్ 318(4) కలిపారా అన్నది ముఖ్యం, అది నాన్‌బెయిలబుల్. కలిపి ఉంటే ఒక వకీలును వెంటబెట్టుకునే వెళ్లండి.

ఇంకొక్కటి. ఫ్రిజ్ పక్కన ఉన్న ఆ పాస్‌వర్డ్ రాత తుడిచెయ్యకండి. ఫొటో తీయండి, హాలు కూడా కనిపించేలా. కనెక్షన్ మీ పేరు మీదున్నా అందరి చేతుల్లో ఉందని చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం మీ దగ్గర లేదు.

వైట్‌ఫీల్డ్ నెట్‌వర్క్

నేను వకీలును కాను, ఇంటర్నెట్ కంపెనీల్లో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. మీ పోస్టులో నన్ను ఆపేసింది ఆ 21:42. నోటీసులో దాని పక్కన ఐఎస్‌టీ (మన భారత సమయం) అని ఉందా, యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే సమయం) అని ఉందా? సోషల్ మీడియా కంపెనీలు పోలీసులకిచ్చే లాగిన్ వివరాలు మామూలుగా యూటీసీలో ఉంటాయి. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. అంటే ఆ 21:42 యూటీసీ అయితే మన లెక్కలో 15వ తేదీ తెల్లవారుజామున 3:12. మీరు గుడ్ల కూర వడ్డిస్తున్నది వేరు సమయం, ఎవరో లాగిన్ అయ్యింది వేరు సమయం. కాబట్టి "9:42కి అందరూ నా ఎదురుగా ఉన్నారు" అని స్టేట్‌మెంట్ ఇచ్చేయకండి. ముందు ఆ సమయం ఏ లెక్కలోదో అడగండి.

దీని వెనుక ఇంకో ప్రశ్న ఉంది. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రస్‌లు చాలక చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమందికి పంచుతాయి. సీజీనాట్ అంటారు. ఏరియా కేబుల్ వాళ్ల కనెక్షన్లలో ఇది బాగా ఉంటుంది. అలాంటప్పుడు ఐపీ, సమయం రెండూ ఉన్నా ఇల్లు తేలదు, సోర్స్ పోర్ట్ నంబరు కూడా కావాలి. అపార్ట్‌మెంట్ అడ్రసు చెప్పి ఫ్లాట్ నంబరు చెప్పనట్టు అన్నమాట. సమయం ఐదున్నర గంటలు తప్పుగా వెతికినా సరే, కంప్యూటర్ ఎవరో ఒకరి పేరు ఇచ్చేస్తుంది. ఆ పేరు మీదవ్వొచ్చు.

ఇది ఊహ కాదు. 2007లో ఇదే బెంగళూరులో ఒక ఐటీ ఉద్యోగిని ఆర్కుట్‌లో (అప్పటి సోషల్ మీడియా సైటు) శివాజీ మీద పెట్టిన పోస్టుల కేసులో పుణె పోలీసులు తీసుకెళ్లారు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఐపీ వివరం తప్పు. ఆయన చేయని పనికి 50 రోజులు జైల్లో ఉన్నాడు. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఆ కేసు చెప్పి, లాగ్ తీసే ప్రతిసారీ టైమ్‌జోన్ రెండుసార్లు చూడమనేవాడు. ఇప్పటికీ అలాగే చూస్తాను.

ఈ రాత్రే చేయాల్సినవి. రౌటర్‌ని ఆపొద్దు, రీస్టార్ట్ చేయొద్దు. మామూలు రౌటర్లలో లాగ్ మెమరీలో ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. లాగిన్ అయ్యి సిస్టమ్ లాగ్, కనెక్ట్ అయిన పరికరాల జాబితా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే సొంత నంబరు) బదులు మార్చిన అడ్రస్ చూపిస్తాయి. అందుకే ఆ జాబితా చూసి ఇది ఫలానావాడి ఫోన్ అని మీకు మీరే తేల్చేయకండి.

డీవీఆర్ దగ్గర మీ ఫోన్ పట్టుకుని, రెండు గడియారాలూ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయండి. డీవీఆర్ టైమ్ తప్పు చూపిస్తే సరిచేయొద్దు, తేడా రాసి పెట్టుకోండి. 14 సాయంత్రం నుంచి 15 ఉదయం దాకా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పోలీసులు రేపు మధ్యాహ్నం లోపు రాకపోతే, కెమెరాల మనిషిని పిలిపించి పాత డిస్క్ తీయించి కొత్తది వేయించండి, ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. తీస్తున్నది మొత్తం వీడియో తీసి ఇద్దరి సంతకాలు పెట్టించండి.

బీటీఎం సీమవాసి

వకీలు గారు చెప్పినవాటికి నా అనుభవం కలుపుతాను. మా తమ్ముడి ఫోన్ ఒక కేసులో ఎనిమిది నెలలు స్టేషన్‌లో ఉంది. తీసుకునేటప్పుడు మహజర్‌లో (స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం) "ఒక నల్ల మొబైల్" అని రాశారు, అంతే. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) లేదు, సీల్ వేశారో లేదో లేదు. కోర్టులో పిటిషన్ వేసి ఫోన్ తెచ్చుకునేసరికి ప్రాణం పోయినంత పనైంది. మీరు ఏది ఇచ్చినా మోడల్, సీరియల్ నంబరు, డిస్క్ నంబరు రాయించుకుని కాపీ అడగండి. మర్యాదగా అడిగితే ఇస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి కూడా.

పీజీల కోసం బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) 2024లో ఇచ్చిన నిబంధనల్లో సీసీ కెమెరా రికార్డింగ్ 90 రోజులు ఉంచాలని ఉంది అన్నా. ఇది అయ్యాక పెద్ద డిస్క్ వేయించండి.

మారతహళ్ళి పీజీ (శనివారం)

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి రెండింటిదాకా ఇదే పని. నోటీసు మీద 94 ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు, మెయిల్ పెట్టాను. సమయం పక్కన ఐఎస్‌టీ అనీ లేదు, యూటీసీ అనీ లేదు.

రౌటర్ లాగ్ పోయింది. బుధవారం కరెంటు పోయి వచ్చింది కదా, అప్పటి నుంచే ఉంది. చాలా బాధేసింది. డీవీఆర్ గడియారం మాత్రం 11 నిమిషాలు ముందుంది, వీడియో తీశాను. కాపీ కూడా అయింది.

తెల్లవారుజామున 3:12 అంటే డీవీఆర్‌లో 3:23. మూడో అంతస్తులో ఒక అబ్బాయి బాటిల్ పట్టుకుని నీళ్ల దగ్గరికి వచ్చి, ఫోన్ చూసుకుంటూ నిలబడి వెళ్లాడు. పేరు చెప్పను. మంచివాడు, నెల నెలా ఇంటికి డబ్బు పంపుతాడు. ఇప్పుడు వీడి గురించి నేను పోలీసులకు చెప్పాలా? చెప్పకపోతే దాచినట్టవుతుందా?

నృపతుంగ రోడ్ వకీలు

దాచొద్దు, అలాగని వేలెత్తి చూపొద్దు. రికార్డింగ్ మొత్తం ఇవ్వండి, ముక్క కత్తిరించి ఇవ్వొద్దు. అడిగితే "ఈ అబ్బాయి మా దగ్గర ఉంటాడు" అని మీకు తెలిసినంత చెప్పండి. "వీడే అయ్యుంటాడు" అనేది మీ నోటి నుంచి రాకూడదు. అమెరికా షిఫ్టు చేసే పిల్లలు మీ పీజీలో ఎంతమంది లేరు? మూడింటికి నీళ్లు తాగడం నేరం కాదు. ఐపీ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి ఫోన్‌కి, ఫోన్ నుంచి మనిషికి, ఆ డబ్బు చేరిన బ్యాంకు ఖాతాకి ముడి పడాలి. ఆ ముడులు వేయాల్సింది దర్యాప్తు అధికారి. ఐటీ చట్టం 78 ప్రకారం ఇన్‌స్పెక్టర్ హోదాకు తక్కువైనవాళ్లు దర్యాప్తు చేయకూడదన్నది కూడా ఇందుకే.

డీవీఆర్ ఇచ్చేటప్పుడు పోలీసులు మిమ్మల్ని ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ అడగవచ్చు. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బీ, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ కోర్టులో చెల్లాలంటే అది ఉండాలని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇప్పుడు రెండు భాగాలుంటాయి. పార్ట్ ఏ పరికరం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లు, పార్ట్ బీ నిపుణుడు నింపాలి. అందులో హాష్ విలువ రాస్తారు. ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, ఫైల్‌లో ఒక్క చుక్క మారినా అది మొత్తం మారిపోతుంది. ఆ గడి ఖాళీగా వదిలి సంతకం మాత్రం పెట్టకండి. 11 నిమిషాల తేడా కూడా స్టేట్‌మెంట్‌లో రాయించండి.

మారతహళ్ళి పీజీ (సోమవారం సాయంత్రం)

వెళ్లొచ్చాను. మూడు గంటలు కూర్చోబెట్టారు గానీ ఒక్క మాట కూడా తూలలేదు. నా మెయిల్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకున్నారు. వకీలు గారి జూనియర్ వెంట వచ్చాడు, ఆయనకు రుణపడి ఉంటాను.

21:42 ఏ లెక్క సార్ అని అడిగాను. ఇన్‌స్పెక్టర్ ఇంకో కాగితం తీసి చూసి, యూటీసీయే అన్నాడు. నోటీసు రాసేటప్పుడు ఆ మాట వదిలేశారు. కేబుల్ వాళ్లను ఏ సమయానికి అడిగారో, పోర్ట్ నంబరు ఇచ్చారో లేదో మళ్లీ రాసి తెప్పించుకుంటామన్నాడు. డిస్క్ తీసుకుని సీరియల్ నంబరుతో మహజర్ రాశారు. హాష్ నా ముందే తీశారు, 64 అక్షరాలు, నేను వేలు పెట్టి చివరిదాకా సరిచూసుకుని పార్ట్ ఏ మీద సంతకం పెట్టాను. ఫోన్ అడగలేదు. ఉండేవాళ్ల జాబితా, ఆధార్ జెరాక్సులు ఇచ్చాను. ఆ అబ్బాయి గురించి వాళ్లు అడగలేదు, నేను ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అన్నం పెట్టి తనూ కూర్చుంది. ఇక నుంచి గదికో పాస్‌వర్డ్ ఇచ్చేలా నెట్‌వర్క్ తమ్ముడు చెప్పిన రౌటర్ రేపు తెస్తున్నాను. పాత పాస్‌వర్డ్ ఇప్పటికే మార్చేశాం. ఫ్రిజ్ పక్కన రాత మాత్రం అలాగే ఉంది, తుడవబోయిన వంటమనిషిని మా ఆవిడే ఆపింది.