పిత్తనాళం స్టెంట్ పేగులోకి జారితే ఆగి చూడాలా, వెంటనే తీయించాలా?

గోదారిగట్టు: నాన్నగారికి పిత్తనాళంలో (కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వచ్చే దారి) రాళ్లు, కామెర్లు వస్తే ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం పంపి ఆ నాళానికి చేసే ఎండోస్కోపీ) చేసి, దారి మూసుకుపోకుండా ప్లాస్టిక్ స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. తీయించడానికి వెళ్తే నాళంలో లేదు, ఎక్స్‌రేలో పేగులో కనిపించింది. నొప్పి, జ్వరం ఏమీ లేవు. "మలంలో అదే పోతుంది, వారం ఆగండి" అంటున్నారు. కడుపులో గొట్టం తిరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటారా?

ఎండోస్కోపీ_నర్సు: కంగారు పడకండి. కిందికి జారిన స్టెంట్లు చాలావరకు వాటంతటవే బయటికి పోతాయి. పేగుకు చిల్లు పడేది నూటికి ఒకరిలో కూడా ఉండదు. ఏ బాధా లేని పెద్దాయనకు మత్తిచ్చి పేగంతా వెతకడం మాత్రం ప్రమాదం కాదా?

కత్తి_డాక్టర్: నేను ఒప్పుకోను. పేగులో అంటే ఎక్కడ? ఆంత్రమూలం, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగం, పొట్ట వెనక గోడకు అతుక్కుని ఉంటుంది, కదలదు. వంపులేని తిన్నని స్టెంట్ ఒక కొన నాళంలో ఇరుక్కుని రెండో కొన ఎదుటి గోడను రోజూ ఒత్తుతుంటే అక్కడే చిల్లు పడుతుంది. ఆ చిల్లు వెనక్కి తెరుచుకుంటే పొట్ట మెత్తగానే ఉంటుంది, వీపునొప్పి, జ్వరం తప్ప ఏమీ తెలియదు. మామూలు ఎక్స్‌రేలో చిల్లులోంచి బయటికొచ్చిన గాలి కూడా కనపడకపోవచ్చు, సీటీ తీస్తేగానీ బయటపడదు. త్వరగా పట్టుకుంటే ఎండోస్కోపీతో స్టెంట్ లాగేసి, క్లిప్పులతో మూసేయొచ్చు. చీము పట్టాక వస్తే పొట్ట కోయాల్సి రావచ్చు. అలాంటివాళ్లకు ఆపరేషన్ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఎండోస్కోపీ_నర్సు: ఆంత్రమూలంలో ఉంటే తీసేయాలన్నది నిజమే డాక్టర్‌గారూ, అక్కడికి స్కోపు సులువుగా అందుతుంది. దాటి కిందికి పోయినదాని గురించే నా మాట. మళ్లీ ఎక్స్‌రే తీసి, కదులుతోందో లేదో చూస్తే చాలు.

కత్తి_డాక్టర్: కదులుతుంటే సరే. ఒకేచోట ఆగిపోతే ఎదురుచూడకూడదు. హెర్నియా, పాత ఆపరేషన్ వల్ల పేగుల అతుకులు, పెద్దపేగు గోడలో సంచుల్లాంటి తిత్తులు ఉన్నవాళ్లలో ఇరుక్కునే అవకాశం ఎక్కువ. "వారం ఆగండి" అనే ముందు ఇవి అడగాలి కదా! ఇంకోటి, రాళ్లు పూర్తిగా పోయాయో లేదో చూశారా? స్టెంట్ జారాక నాళం మళ్లీ మూసుకుంటే కామెర్లు, చలిజ్వరం వస్తాయి.

గోదారిగట్టు: అవేవీ అడగలేదండీ. నాన్నగారికి గజ్జలో హెర్నియా ఉంది, ఆపరేషన్‌కు ఆయనే వద్దన్నారు.

ఎండోస్కోపీ_నర్సు: అయితే నా సలహా మార్చుకుంటున్నా. వారం ఆగొద్దు. రేపే ఎక్స్‌రే పట్టుకుని వెళ్లి, హెర్నియా సంగతి ముందే చెప్పండి. గజ్జలో వాపు గట్టిపడినా, వాంతులైనా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.